దూరంగా పోసిన ఇసుక

చెలమలో నీళ్ళు తాగినవారు, వెళ్ళేముందు, వెనక వచ్చేవారి కోసం కొంత ఇసుక తోడి వెళ్ళడం ఒకప్పుడు గాజులవాగు దగ్గర అలవాటు. ఇప్పుడు ఆ అలవాటు లేదు. వాగుకు అడ్డంగా కట్ట వేశారు. నీరు ఏడాది పొడుగునా నిలిచే ఉంటుంది. తోడవలసిన అవసరం ఎవరికీ కలగడం లేదు.

ఆ రోజుల్లో వేసవి వస్తే గాజులవాగు పైకి ఒట్టి ఇసుకగా కనిపించేది. నీరు ఇసుక అడుగుకు దిగిపోయేది. జంతువులు ఇసుకలో గుంట తవ్వి, అందులో ఊరిన నీటిని తాగేవి. ఆ గుంటే చెలమ. ఎండలు ముదిరినకొద్దీ అది లోతవుతూ ఉండేది. తాగేవారి కాళ్ళ తొక్కుడుకు అంచులనుంచి ఇసుక జారి అడుగున చేరేది, ఊట మూసుకుపోయేది. అందుకని తాగిన ప్రతివారూ జారిన ఇసుకను తోడవలసి వచ్చేది. తోడిన ఇసుకను అంచున పోయకూడదు, పోస్తే మళ్ళీ లోపలికే జారుతుంది. దూరంగా తీసుకుపోయి, పలుచగా చల్లివేయాలి. చల్లిన తరువాత ఎవరు ఎంత తోడారన్నది ఎవరికీ తెలియదు.

ఈ పని నేర్పడానికి ఒడ్డున నేరేడు చెట్టు కింద ఒక బడి ఉండేది. దానిని నడిపేవాడు సోమన్న అనే ముసలి ఎద్దు. వయసులో ఉన్నప్పుడు కాడి మోసినవాడు. జతలో అతడు వలపటివాడు, అంటే కుడి పక్కవాడు. ఎడమ పక్కన నడిచిన దాపటి ఎద్దు ఒక వానాకాలంలో చనిపోయింది. రైతు సోమన్నను మరొక ఎద్దుతో జత కట్టలేదు, మేతకు విడిచిపెట్టాడు. సోమన్న అడవి అంచుకు వచ్చి, పిల్లలకు ఇసుక తోడడం నేర్పుతూ అక్కడే ఉండిపోయాడు. ఎక్కడికి నడిచినా బాటకు కుడి అంచునే నడిచేవాడు. ఎడమ పక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు ఖాళీగా ఉండేది.

బడికి కోతిపిల్ల కిట్టడు, ముంగిసపిల్ల చురకయ్య, కుందేలుపిల్ల పొన్ని, ఇంకా కొందరు వచ్చేవారు. వీరిలో పొన్నికి ప్రశ్నలు ఎక్కువ. ఒకనాడు బాటమీద సోమన్న వెనకే గెంతుతూ అడిగింది.

“అయ్యవారూ, మీరెప్పుడూ ఇలా ఓరగా నడుస్తారెందుకు? బాటంతా ఖాళీగానే ఉందిగా!”

“అక్కడ మావాడు నడిచేవాడమ్మా.”

“ఇప్పుడు లేడుగా?”

“లేడు.”

“మరెందుకు వదలడం?”

సోమన్న కాసేపు నెమరు వేశాడు. “తెలియదు. నేను వదలడంలేదు. కాలే అలా పోతోంది.”

పొన్ని ఆ ఖాళీ చోటును కొంచెంసేపు తేరిపార చూసింది. కాలు దానంతట అదే ఎలా పోతుందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానివాటిని దాచుకోవడం ఆమె స్వభావం.

ఆ వేసవిలోనే జంబయ్య అనే నక్క వాగు ఒడ్డుకు వచ్చాడు. అతడు చెలమకంటే ముందు పిల్లలను చూశాడు. పిల్లలలో బొద్దుగా ఉన్న పొన్నిని మరికొంచెం ఎక్కువగా చూశాడు. పిల్లలు గుంపుగా వచ్చి గుంపుగా పోతున్నారు. మధ్యలో ఎద్దు, ఎద్దుకు కొమ్ములు. జంబయ్య ఒళ్ళు దులుపుకొని, మూతి తుడుచుకొని, వినయంగా నేరేడు చెట్టు కిందికి నడిచాడు.

“దండాలండీ అయ్యవారూ! మీ బడి సంగతి విని చాలా దూరంనుంచి వస్తున్నా. ఇక్కడ ఏం చెబుతారండీ?”

“ఇసుక తోడడం,” అన్నాడు సోమన్న.

“ఆ తరువాత?”

“తోడింది దూరంగా పొయ్యడం.”

“ఆ పైన?”

“ఇళ్ళకు పంపించేస్తాను.”

జంబయ్య నవ్వాడు. “భలేవారే! మరి నడవడిక మాటేమిటి? నిజాయితీ, దయ, తోటివారి మీద శ్రద్ధ, ఇవన్నీ ఎప్పుడు చెబుతారు?”

“అవి ఆ ఇసుకలోనే ఉన్నాయనుకుంటున్నాను.”

“ఉండొచ్చండీ, కాదనను. కనబడాలి కదా! వీళ్ళలో ఎవరు మంచివారో, ఎవరు కారో మీకెలా తెలుస్తుంది?”

సోమన్న నిజంగానే ఆలోచించాడు. “నాకు తెలియదు,” అన్నాడు చివరకు.

జంబయ్యకు కావలసింది ఆ మాటే. దానిని నోటకరచుకొని నేరుగా పిల్లల తల్లిదండ్రుల దగ్గరకు పోయాడు. “మీ పిల్ల మంచిదో కాదో తనకు తెలియదని అయ్యవారే ఒప్పుకున్నారు. కావాలంటే అడగండి,” అన్నాడు. తల్లిదండ్రులు చెట్టు కింద చేరారు.

“నేను చెప్పేది చిన్న విషయం,” అన్నాడు జంబయ్య. “తోడిన ఇసుకను ఎవరి కుప్ప వారు చెలమ అంచున పొయ్యాలి. సాయంత్రం నేను చూస్తాను. పెద్ద కుప్ప పోసిన పిల్లకు మోదుగు పువ్వు. ఆ పువ్వు మెడలో ఉంటే అడవంతా తెలుస్తుంది, ఫలానావారి బిడ్డ గుణవంతుడని.”

“అయ్యో, ఈమాట ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేమమ్మా!” అంది కిట్టడి తల్లి. “మావాడు బంగారమని నేను చెబితే ఎవరు నమ్ముతున్నారు? తల్లి కాబట్టి చెబుతోందంటున్నారు.”

“మావాడికి మెడ పొట్టి,” అన్నాడు చురకయ్య తండ్రి దిగులుగా. “పువ్వు వేసినా కనపడదు.”

“తోకకు కడదాం బావగారూ, దానికేం!” అన్నాడు జంబయ్య.

అందరూ సోమన్నవైపు తిరిగారు. “అంచున పోస్తే ఇసుక లోపలికి జారుతుంది,” అన్నాడు సోమన్న.

“జారితే మళ్ళీ తోడతారు. పిల్లలకు పని ఉండొద్దూ?” అంది కిట్టడి తల్లి.

పువ్వు కోసం తోడితే పిల్లలు ఏమవుతారన్నది సోమన్నకూ తెలియదు. కాదని చెప్పడానికి ముందు చూడాలనిపించింది. జంబయ్యకు మాత్రం అంతా తెలుసు. పోటీ పడిన పిల్లలు గుంపుగా ఉండరు. గుంపు విడిపోతే ఒకరు ఒంటరిగా దొరుకుతారు.

చెలమ అంచున కుప్పలు లేచాయి. మొదట్లో చూడడానికి ముచ్చటగానే ఉంది. పిలవకముందే పిల్లలు వస్తున్నారు, పొమ్మన్నా పోవడంలేదు. తరువాత సోమన్న ఒక సంగతి గమనించాడు. అడుగున ఉన్న తడి ఇసుక బరువుగా ఉంటుంది, తోడడం కష్టం. గోడలకున్న పొడి ఇసుక చేతితో గోకితే వస్తుంది. పిల్లలు అడుగును వదిలి గోడలు తవ్వుతున్నారు. కుప్ప పెరుగుతోంది, నీరు పెరగడంలేదు. కుప్పల కింద అంచు రోజురోజుకూ డొల్ల అవుతోంది.

“ఒరేయ్ చురకా! నా కుప్పలోంచి తీసి నీ కుప్పలో వేసుకుంటున్నావు కదూ?” అని కిట్టడు అరిచాడు.

“ఇసుకమీద నీ పేరుందా?”

“నా కుప్ప మీద నా కాలి గుర్తుంది, చూడు!”

“అది నీ కాలేనని ఏంటి నమ్మకం? నీ కాలికంటే అందంగా ఉందే!”

వారు కొట్టుకున్నారు. సాయంత్రం జంబయ్య వచ్చి కిట్టడి మెడలో పువ్వు వేశాడు, చురకయ్య తోకకు పువ్వు కట్టాడు. పొన్ని దగ్గర ఆగాడు.

“నీ కుప్ప ఏదమ్మా?”

“దూరంగా పోశానండీ.”

“దూరంగా అంటే?”

“అదిగో, అక్కడ. అంతటా.”

“అంతటా ఉందంటే ఎక్కడా లేనట్టే,” అన్నాడు జంబయ్య జాలిగా. “నీమీద నాకెంత ఆశ ఉందో తెలుసా పొన్నీ!”

పిల్లలు నవ్వారు. పొన్ని చెవులు వాలిపోయాయి. ఆమెకు పువ్వు అక్కరలేదని కాదు. మోదుగు పువ్వు ఎర్రగా, వంకీ తిరిగి, చాలా బాగుంటుంది. ఇంటికి పోతూ కిట్టడి మెడలోని పువ్వువైపే చూసింది.

చెలమకు అందరికంటే ఆఖరున వచ్చేది దుప్పవ్వ. ముసలి దుప్పి. వెనక కాలు కుంటి, చూపు మందం. ఎండలో నడవలేక, పొద్దు వాలాక మెల్లగా దిగేది. పగలంతా తాగినవారు తోడి పోవడంవల్ల ఆమెకు తేటనీరు దొరికేది. తోడినవారెవరో ఆమె ఎన్నడూ చూడలేదు. తాగేదెవరో తోడినవారూ ఎన్నడూ చూడలేదు.

పువ్వులు మొదలైన తరువాత ఒక సాయంత్రం, నలుగురూ నవ్వారన్న సిగ్గుతో పొన్ని ఇంటికి పోకుండా పొద చాటున కూర్చుంది. దుప్పవ్వ వచ్చింది. ముందుకాళ్ళు వంచి చెలమలోకి మూతి చాచింది. బురద తగిలింది. తల ఇంకా వంచింది. తడి ఇసుకను కాసేపు నాకి, లేచి నిలబడింది.

“అవ్వా, నీళ్ళు లేవా?” అంది పొన్ని పొదలోనుంచి.

“ఎవరే? పొన్నివా? ఊట తగ్గినట్టుంది తల్లీ. ఎండలు అలా ఉన్నాయి మరి.” ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. కుంటుకుంటూ గట్టెక్కి పోయింది.

మర్నాడు పొన్ని దుప్పవ్వ సంగతి చెప్పి సోమన్నను నిలదీసింది. “మీరెందుకు ఆపలేదు అయ్యవారూ?”

“నేను ఆపితే నా మాటకు ఆగుతారు. నేను లేనప్పుడు ఏం చేస్తారో చూడాలనుకున్నాను.”

“చూశారా?”

“చూశాను. దుప్పవ్వ సంగతి మాత్రం చూడలేదు. నీవు చెబితేగాని తెలియలేదు.” సోమన్న తల దించాడు. “ఈ సాయంత్రం మనమే తోడదాం.”

“సాయంత్రమైతే నాకు వేరే పని ఉందండీ,” అంది పొన్ని నసుగుతూ.

“ఏం పని?”

“జంబయ్యగారు రమ్మన్నారు. అందరూ వెళ్ళిపోయాక ఒంటరిగా వచ్చి తోడాలట. ఎవరికీ చెప్పకూడదట. ఎవరూ చూడకుండా చేసిందే అసలైన మంచిపని అట. అలా చేస్తే ఏకంగా పూలదండే ఇస్తారట.”

“మరి నాకు చెప్పావే?”

“ఒకటి అర్థం కాలేదు, అందుకని. ఎవరూ చూడకూడదంటున్నారు, తను చూసి దండ వేస్తానంటున్నారు. తను అక్కడుంటే నేను ఒంటరిగా ఎలా ఉంటాను? ఒంటరిగా ఉంటే దండ ఎవరు వేస్తారు?”

సోమన్న నెమరు ఆగిపోయింది. చెవులు రెండూ ముందుకు వచ్చాయి.

“మంచి ప్రశ్న,” అన్నాడు. “నేనూ వస్తాను. ఒడ్డు మలుపులో ఉంటాను. నీవు కుప్పల వైపు పోకు. అవతలి పక్కనుంచి దిగి, అడుగు ఇసుక తోడు. ఎక్కడ పొయ్యాలో నీకు తెలుసు.”

పొద్దు వాలింది. పొన్ని అవతలి పక్కనుంచి చెలమలోకి దిగింది. తడి ఇసుకను ముందుకాళ్ళతో లాగి, వెనకకాళ్ళతో పైకి ఎగజిమ్మి, పైకెక్కి అక్కడినుంచి మరింత దూరం చిమ్మింది. మళ్ళీ దిగింది. అడుగున చెమ్మ తళుక్కుమంది. ఆమె దండ సంగతి మరచిపోయింది. ఊట ఏ మూలనుంచి వస్తుందా అని ముక్కు ఆనించి చూస్తోంది.

జంబయ్య అన్నిటికంటే పెద్దదైన కిట్టడి కుప్ప వెనక పడుకొని ఉన్నాడు. “పొన్నీ,” అని తియ్యగా పిలిచాడు. “ఇటు రామ్మా. ఈ పక్కన తోడు.”

“అక్కడ గోడ డొల్లగా ఉందండీ. అయ్యవారు వద్దన్నారు.”

“అయ్యవారికి చెప్పావా?” జంబయ్య గొంతు మారింది. ఇక ఆలస్యం చేయదలచలేదు. కుప్ప ఎక్కి, పైనుంచి దూకడానికి వెనకకాళ్ళు బిగించాడు.

అతడు రోజూ మెచ్చుకొని పెంచిన కుప్ప అది. కింద ఉన్న అంచును రోజూ పిల్లలు గోకి డొల్ల చేసింది కూడా అతడి పువ్వుల కోసమే. బిగించిన కాళ్ళ బరువుకు అంచు విరిగింది. కుప్పతో, పక్క కుప్పలతో సహా జంబయ్య చెలమలో పడ్డాడు. పొన్ని ఒక్క గెంతుతో అవతలి గట్టుమీదికి వెళ్ళి పడింది. దుమ్ము తగ్గాక చూస్తే ఇసుకమీద ఒక నక్క తల మాత్రం ఉంది.

“కాపాడండి!” అంది ఆ తల.

సోమన్న మలుపులోనుంచి వచ్చాడు. కేకలు విని చెట్లమీదినుంచి కిట్టడు, పుట్టలవైపునుంచి చురకయ్య, మిగిలిన పిల్లలు పరుగెత్తుకు వచ్చారు.

“అయ్యో! ఇక కుప్పలు ఎవరు కొలుస్తారు?” అన్నాడు కిట్టడు.

“ముందు నన్ను తియ్యరా నాయనా! అడవిలో ఉన్న పూలన్నీ నీకే ఇస్తా!”

“నాకో?” అన్నాడు చురకయ్య.

“నీక్కూడా!”

“అన్నీ వాడికే ఇస్తే నాకెక్కడివి?”

“అవతలికెళ్ళి కొట్టుకోండి,” అంది పొన్ని. “ఆయన నన్ను తినడానికి వచ్చాడు.”

పిల్లలు నోళ్ళు తెరిచి నక్కవైపు చూశారు. నక్క ఆకాశంవైపు చూశాడు. కిట్టడు మెల్లగా అన్నాడు: “అయితే అక్కడే ఉండనిద్దామా అయ్యవారూ?”

సోమన్న జవాబు చెప్పకముందే గట్టుమీద కుంటి అడుగుల చప్పుడు వినిపించింది. దుప్పవ్వ దిగుతోంది. “ఎవరో పిల్లలున్నట్టుందే,” అంది సంతోషంగా. “ఇవాళ నీళ్ళు ఊరాయా తల్లీ?”

ఆఖరున ఎవరో వస్తారని పిల్లలు బడిలో విన్నారు. అది ఈమేనని ఇప్పుడే చూస్తున్నారు. దుప్పవ్వ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

“నీళ్ళు ఉన్నాయవ్వా,” అన్నాడు సోమన్న. “జంబయ్య కింద ఉన్నాయి.”

మొదట దిగింది పొన్ని. తరువాత చురకయ్య. కిట్టడు మోదుగాకుతో దొన్నె కుట్టుకొని, ఇసుక నింపి, దూరంగా మోసుకుపోయి చల్లాడు. వంగినప్పుడల్లా మెడలోని పూలు ముఖానికి తగులుతున్నాయి. వాటిని తీసి పొదమీద పడేశాడు. తరువాత వాటి సంగతి అడగలేదు. సోమన్న కాలి గిట్టతో పెద్ద పెద్ద దోసిళ్ళంత ఇసుక లాగాడు. నక్క భుజాలు బయటపడ్డాయి, నడుము బయటపడింది, ఆఖరున తోక వచ్చింది. అతడు గట్టెక్కి ఒళ్ళు విదిలించుకొని పరుగందుకోబోయాడు. ఎదురుగా సోమన్న కొమ్ములు ఉన్నాయి.

“చెలమలో దిగినవారు ఊరికే పోరు జంబయ్యా. ఇక్కడి అలవాటు నీకు తెలుసుగా. తోడి వెళ్ళు.”

జంబయ్య దిగాడు. తడి ఇసుక తోడాడు, రొప్పుతూ పైకి తెచ్చాడు. “ఎక్కడ పొయ్యమంటారు?”

“దూరంగా,” అంది పొన్ని. “చల్లేసెయ్యండి.”

“చల్లేస్తే నేనెంత తోడానో ఎలా తెలుస్తుంది?”

“అవ్వ తాగితే తెలుస్తుంది.”

అడుగున నీరు ఊరింది. మొదట ఎర్రగా, తరువాత పాలలా, ఆ తరువాత తేటగా. దుప్పవ్వ మోకాళ్ళు వంచింది. ఆమె తాగుతున్నంతసేపూ పిల్లలు చప్పుడు చేయకుండా చుట్టూ నిలబడ్డారు. గుటక గొంతులోంచి దిగడం కిట్టడు ఎంతో ఆసక్తిగా చూశాడు; అంతకుముందు అతడు తన కుప్పను తప్ప దేనినీ అంతసేపు చూడలేదు.

జంబయ్య ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు. పొదమీది పూలు కూడా వాడి రాలిపోయాయి. పిల్లల మంచితనాన్ని కుప్పపోయించి కొలిస్తే కుప్ప పెరుగుతుందే కాని, ఆఖరున వచ్చేవారికి నీరు మిగలదు.

ఆ తరువాత బడి మునుపటిలాగే నడిచింది. వేసవి ఆఖరున ఎగువన వానలు కురిసి గాజులవాగు నిండుగా వచ్చింది. చెలమ నీటిలో కలిసిపోయింది. వరద తీసిన తరువాత పిల్లలు నేరేడు చెట్టు కింద చాలాకాలం ఎదురుచూశారు. సోమన్న రాలేదు.

వాగు రావడానికి ముందటి సాయంత్రం మాత్రం అన్ని సాయంత్రాల వంటిదే. పిల్లలు ఇళ్ళకు పోయారు. సోమన్న, పొన్ని ఇద్దరే మిగిలి, దుప్పవ్వ కోసం ఆఖరి ఇసుక తోడారు. పొన్ని చిమ్మినది సోమన్న మూతితో మరికొంచెం దూరం నెట్టాడు.

“మబ్బు పడుతోంది అయ్యవారూ. రేపు తోడాల్సి ఉంటుందా?”

“తెలియదు. చూద్దాం.”

నీరు తేటపడేదాకా ఇద్దరూ ఆగారు. తరువాత బాట పట్టారు. సోమన్న కుడి అంచున నడిచాడు. పొన్ని అతడి ఎడమ పక్కన గెంతుతూ నడిచింది.